ఏమీ తెలియని మనిషి

"ఏమీ తెలియని మనిషి కావాలి," అన్నాడు మేనేజరు. "కంప్యూటరు ముట్టుకోవాలంటే చెయ్యి వణికే మనిషైతే మరీ మంచిది."

"దానికి ఎక్కడో వెతకడం దేనికండీ? మా అక్క ఉందిగా!" అన్నాడు తమ్ముడు. "అంతకు మించిన మొద్దు కాగడా పెట్టి వెతికినా దొరకదు. ఇంట్లో టీవీ రిమోటు కూడా తలకిందులుగా పట్టుకుంటుంది."

గదిలో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. గుమ్మంలో నిలబడ్డ అక్కను చూశాక ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఆమె చేతిలో పళ్ళెం ఉంది. పళ్ళెంలో ఆ పూట బిగించిన కళ్ళజోళ్ళు, ఒకదానికొకటి రాసుకోకుండా మెత్తని గుడ్డలో పొదిగి ఉన్నాయి.

తమ్ముడు ఏమాత్రం తొణకలేదు. "నూరేళ్ళాయుష్షు! నీ గురించే చెప్పుకుంటున్నాం," అన్నాడు.

ఆమె కూడా నవ్వింది. పదిమందిలో తమ్ముడు తన మీద ఏదైనా విసిరినప్పుడు ముందుగా తనే నవ్వెయ్యడం ఆమెకు అలవాటు. అలా చేస్తే రెండో రాయి పడదని ఆమె నమ్మకం. పడుతూనే ఉండేది, అది వేరే సంగతి.

అది కళ్ళజోళ్ళు అమ్మే కంపెనీ. చాలా ఊళ్ళలో దుకాణాలున్నాయి. ఏ దుకాణంలో ఎవరు కళ్ళజోడు చేయించుకున్నా అద్దం సానబట్టి, ఫ్రేములో కూర్చోబెట్టేది మాత్రం ఇక్కడ, కింది అంతస్తులో. ఆ గదిలో ఏళ్ళ తరబడి ఉండడం వల్ల ఆమెకు అద్దాలక్క అనే పేరు స్థిరపడింది. తమ్ముడిది పై అంతస్తు. అతనూ మరో ఇద్దరూ కంపెనీ కంప్యూటర్లు చూసుకుంటారు. ఏ ఊరి దుకాణంలో మిషను మొరాయించినా సంచి తగిలించుకుని వాళ్ళలో ఒకరు వెళ్ళాల్సిందే.

దుకాణాల్లో కంప్యూటర్లన్నీ పాతబడ్డాయి. వాటిలో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలి. ఎక్కించదగ్గవి మూడున్నాయి. వాటిలో ఏది సులువో తేల్చాలి. మేనేజరు అద్దాలక్కను కూర్చోబెట్టి ఇదంతా ఓపిగ్గా చెప్పాడు. మంచి మర్యాద తెలిసిన మనిషి. గొంతు ఎప్పుడూ పెంచడు.

"మీరేం భయపడకండి. పరీక్ష మీకు కాదు, వాటికి," అన్నాడు.

"నాకేం తెలుసండీ..."

"అదేనండీ మాక్కావలసింది."

మొదటి రోజు ఆమెను మీటింగు గదిలో కూర్చోబెట్టారు. గదికి ఒక పక్క గోడంతా గాజు. బయట ఉన్నవాళ్ళకు ఆమె కనిపిస్తుంది. బల్ల మీద ఖాళీ కంప్యూటరు, దాని పక్కన మూడు పెన్‌డ్రైవులు ఉన్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి నీలం, ఒకటి తెల్లది. వెనక స్టాండు మీద కెమెరా. ఆమె తెర మీద చేసేదంతా బయట హాల్లో పెద్ద తెర మీద కూడా కనిపించే ఏర్పాటు చేశారు.

"మిషను లేచేటప్పుడు ఈ మీట నొక్కుతూ ఉండండి. ఆ తర్వాత అది ఏం అడిగితే అది చెయ్యండి. మధ్యలో మేమెవరం మాట్లాడం," అని చెప్పి మేనేజరు మూలన కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె ఎర్ర పెన్‌డ్రైవు తీసుకుంది. వెలుతురుకేసి తిప్పి, అద్దం అంచు చూసినట్టు దాని అంచు చూసింది. కంప్యూటరుకు ఉన్న కన్నాలన్నీ తడిమింది. ఒకదాంట్లో వదులుగా ఊగింది, ఇంకోదాంట్లో దిగలేదు. దిగే కన్నం దొరికాక అటుదిటుగా పెట్టింది. గాజు గోడ అవతల ఎవరో పక్కవాడి భుజం తట్టి చూపించారు.

తెర నల్లగా వచ్చింది. దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వరదలా పైకి పరుగెత్తి ఆగాయి. అక్షరాలు కూడబలుక్కోగలదు గానీ అర్థం మాత్రం అందలేదు. డిస్కును ముక్కలు చెయ్యమంటోంది. ఏ ముక్క ఎంత ఉండాలో, దేనికి ఏ పేరు పెట్టాలో చెప్పమంటోంది. ఆమె తోచినదేదో కొట్టింది. ఎర్ర గీతతో తప్పని వచ్చింది. మళ్ళీ కొట్టింది. మొదటికి వచ్చింది.

"తమ్ముడూ, ఇదేం అడుగుతోందిరా?" అంది గాజు వైపు తిరిగి.

తమ్ముడు మూతి మీద వేలు పెట్టుకుని, బయటవాళ్ళకేసి కన్ను గీటాడు.

ఎంతసేపు గడిచిందో ఆమెకు తెలియలేదు. అద్దం సానబట్టేటప్పుడు చేతికి ఏదో ఒకటి తెలుస్తుంది. ఎక్కువ అరిగితే వేలికి తగులుతుంది, గాడిలో కూర్చుంటే చిన్న చప్పుడవుతుంది. ఇక్కడ ఏదీ తెలియడం లేదు. తెల్లగీత ఒకటి మాత్రం వెలిగి ఆరుతోంది. దొడ్డికి వెళ్ళాలని ఉన్నా అడగడానికి సిగ్గేసి, కాళ్ళు దగ్గరగా ముడుచుకుని కూర్చుంది. చివరికి మేనేజరే, "చాలండీ. బాగా శ్రమపడ్డారు," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో తమ్ముడు ఆమెను అనుకరించి చూపించాడు. నడుం వంచి, కళ్ళు చికిలించి, అగ్గిపెట్టెను బల్ల సందులన్నింటిలో దూర్చబోతున్నట్టు అభినయించాడు. మరదలు పొట్ట పట్టుకుని నవ్వింది. మేనకోడలు గంతులేసింది.

"మొద్దత్త! మొద్దత్త!"

"తప్పమ్మా, అలా అనకూడదు," అన్నాడు తమ్ముడు నవ్వుతూనే. మొద్దత్త అన్న మాటను ఆ పిల్లకు నేర్పింది అతనే. అద్దాలక్క ఆ పిల్ల జడ విప్పి, చిక్కు తీసి, మళ్ళీ అల్లింది. చేతులకు పనుంటే మొహాన్ని ఎవరూ చూడరు.

రెండో రోజు నీలం పెన్‌డ్రైవు. ఇది డబ్బు పెట్టి కొన్నది. తెర రంగురంగులుగా వచ్చింది. "తరువాత" అన్న మీట ఎక్కడుందో ఆమె పట్టేసింది. ఒకటి నొక్కితే ఇంకోటి వచ్చింది. ఆమె వీపు నెమ్మదిగా నిటారు అయింది. ఆ పెన్‌డ్రైవు వచ్చిన పెట్టె వెనక చీటీ మీదున్న పొడవాటి కోడ్ కొట్టమంది. సున్నాకూ ఇంగ్లీషు ఓకూ తేడా తెలియక చాలాసేపు కొట్టుకుంది గానీ, చివరికి సాధించింది. మేనేజరు తల పంకించాడు.

అప్పుడు అది ఆమె మెయిల్ అడ్రసు అడిగింది.

అడ్రసు అన్నమాట ఆమెకు తెలుసు. ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ ఇంటి నంబరు కొట్టింది. వీధి పేరు కొట్టింది. మందుల షాపు ఎదురుగా అని కూడా కొట్టింది.

బయట హాల్లో పెద్ద తెర ముందు నవ్వులు పేలాయి. ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఒకడు కుర్చీలోంచి జారిపోయాడు. గాజు అడ్డున్నా ఆ నవ్వు లోపలికి వినిపించింది. తను ఏం తప్పు చేసిందో తెలియక అద్దాలక్క మళ్ళీ చదువుకుంది. ఇంటి నంబరు సరిగ్గానే ఉంది. వీధి పేరూ సరిగ్గానే ఉంది. తెర మాత్రం ఒప్పుకోలేదు, ముందుకు పోనివ్వలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె మెట్ల మీద ఒంటరిగా డబ్బా విప్పుకుని కూర్చుంటే బక్కాయన వచ్చాడు. తమ్ముడితో పనిచేసే ఇద్దరిలో పెద్దాయన. సంచి మోసి మోసి ఒక భుజం కిందికి వాలిపోయింది. ఆయన ఒక్కడే నవ్వలేదని ఆమె గమనించలేదు. గాజు అవతల మొహాలన్నీ ఆమెకు ఒకేలా కనిపించాయి.

"అమ్మా, ఒక మాట చెప్పాలి. మీ తమ్ముడు చెప్పాడో లేదో. ఈ పరీక్ష దేనికనుకుంటున్నారు?"

"ఏది సులువో చూడ్డానికి."

"ఎవరికి సులువైతే ఎవరికి లాభం? దుకాణాల్లో వాళ్ళు తామే ఎక్కించుకోగలిగితే మా ముగ్గురితో పనేముంది? మీ వల్ల కాలేదనుకోండి, ఎవరివల్లా కాదని మమ్మల్ని ఉంచుతారు. మీరు చెయ్యగలిగారనుకోండి, మా పని అంతే." ఆయన మెట్టు మీద మట్టిని కాలితో నెమ్మదిగా తుడిచాడు. "నేను మిమ్మల్ని ఏమీ చెయ్యమనడం లేదు. మీకు తెలియాలి కదా అని. అంతే."

అడగాల్సిన మాట సాయంత్రం తమ్ముడే అడిగాడు. ఆ రోజు ఇంట్లో అనుకరణలు లేవు. మరదలు ఆమెకు ముందుగా వడ్డించింది. కాళ్ళు కడుక్కోవడానికి వేడినీళ్ళు కూడా పెట్టింది. తమ్ముడు పక్కనే పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"రేపు తెల్లది అక్కా. అది కాస్త తేలిక. ఎక్కడో ఒకచోట ఆగిపో. అర్థం కావడం లేదని చెప్పి కూర్చో."

"అబద్ధం చెప్పనా?"

"అబద్ధమేముంది? నీకు అర్థం కాకపోవడం కొత్తా?" అని నవ్వి, ఆ వెంటనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నీకు చేతకాకపోవడమే ఇవాళ మనింటికి ఆధారం. ఒక్క పూట. నా మీద ఒట్టు."

ఆ చెయ్యి మెత్తగా, వెచ్చగా ఉంది. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు తప్ప అతను ఆమె చెయ్యి పట్టుకున్న గుర్తు లేదు.

"సరేలేరా," అంది ఆమె.

మూడో రోజు ఆమె ఉతికిన చీర కట్టుకుని వెళ్ళింది. ఓడిపోవడానికి ఇంత ముస్తాబెందుకని దారిలో తనకే నవ్వొచ్చింది.

తెల్ల పెన్‌డ్రైవు మొదటిసారే సరిగ్గా దిగింది. తెర మీద భాషల వరస వచ్చింది. కిందికి కిందికి జరుపుతూ ఉంటే తన భాష, తన అక్షరాల్లోనే కనిపించింది. నొక్కింది. తెరంతా ఆ భాషలోకి తిరిగింది. 'మీ పేరు చెప్పండి' అని అడిగింది. ఎంతో కాలంగా తను ఎక్కడా రాయని పేరు అది. అందరికీ ఆమె అద్దాలక్కే, ఇంట్లోనైతే అత్త. అక్షరాలు వెతుక్కుని తన పేరు కొట్టింది. 'మీరు ఎక్కడ ఉన్నారు?' అని పటం చూపించింది. ఆమె వేలితో చూపించినట్టు మౌసుతో చూపించింది. తెర ప్రతిసారీ, ఇది నొక్కితే ఏమవుతుందో ముందుగానే చెప్పి, ఆ తర్వాతే అడిగింది. ఇందులో తన తెలివేమీ లేదని ఆమెకు అర్థమవుతూనే ఉంది. బాగా అరగదీసిన అద్దం గాడిలోకి జారినట్టు దానంతటదే జారుతోంది. తను వేలు ఆనిస్తే చాలు.

'ఈ డిస్కులో ఇంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుంది. ఎక్కించమంటారా?' అని వచ్చింది.

ఇక్కడ ఆగాలి అనుకుంది. ఆగడానికి మంచిచోటే. ఎవరైనా ఇక్కడ భయపడతారు. ఆమె మౌసు వదిలి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

"నాకేమీ తోచడం లేదండీ," అంది.

"తొందరేం లేదు. నిదానంగా చూడండి," అన్నాడు మేనేజరు మూలనుంచి.

ఆమె చూస్తున్నట్టు నటించింది. మాట ఇచ్చిన ప్రకారం మొహంలో ఏ తెలివీ కనబడకుండా చూసుకుంది. అది కష్టం కాలేదు. ఉక్కగా ఉందని ఎవరో అంతకుముందే తలుపు ఓరగా తీసి పెట్టారు. హాల్లోంచి తమ్ముడి గొంతు స్పష్టంగా వినపడింది.

"చెప్పలేదూ? సొంత భాషలో, అరచేతి మందాన అక్షరాలు పెట్టి అడుగుతుంటే ఎలా చూస్తోందో చూడండి! బర్రె ముందు అద్దం పెట్టినట్టు లేదూ?"

నవ్వారు. అతను ఆగలేదు.

"దీంతో ఒకే ఇంట్లో వేగుతున్నాను, నా ఓపిక చూడండి. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు కూడా పేరడిగితే ఇలాగే చూసిందట. వాళ్ళు మూగదనుకుని లేచి పోయారు!"

ఆ మాట అబద్ధం. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు అలా లేచి పోలేదు. తమ్ముడి చదువు ముగిసేదాకా ఆగమని ఆమె అంటే, ఆగలేక వెళ్ళిపోయారు. ఆ సంగతి ఆమెకూ తమ్ముడికీ తప్ప ఆ హాల్లో ఎవరికీ తెలియదు. నవ్వు ఈసారి ఇంకా పెద్దగా వచ్చింది. అతని నవ్వు కూడా అందులోంచి విడిగా వినిపించింది. భయం తీరిన మనిషి నవ్వు అది. ఆమె మాట నిలబెట్టుకుందని అతనికి ధైర్యం వచ్చేసింది.

అతనికి ఆ మాటలన్నీ అనాల్సిన అవసరమే లేదు. ఆమె ఆగింది. అడిగినట్టే ఆగింది. ఊరుకుంటే సరిపోయేది.

అద్దాలక్క ఒళ్ళోంచి కుడిచెయ్యి తీసింది. చూపుడువేలి కొసను చీర చెంగుకు తుడుచుకుంది, కొత్త అద్దం పట్టుకునే ముందు చేసినట్టు. మౌసు పట్టుకుంది. 'ఎక్కించు' నొక్కింది.

తెర మీద సన్నని గీత ఒకటి ఎడమనుంచి కుడికి పాకడం మొదలుపెట్టింది. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. హాల్లో నవ్వు ఒక్కొక్క గొంతే తగ్గుతూ వచ్చింది. తమ్ముడు గాజు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తల అడ్డంగా ఊపాడు. వేళ్ళతో గాజు మీద నెమ్మదిగా తట్టాడు. ఆమె అటు తిరగలేదు. గీత చివరికి చేరింది. పెన్‌డ్రైవు తీసేయమంది. తీసి బల్ల మీద పెట్టింది. కంప్యూటరు ఆగి, మళ్ళీ వెలిగి, ఆమెను పేరుతో పలకరించింది.

మేనేజరు లేచి చప్పట్లు కొట్టాడు. "అద్భుతం! చూశారా? ఈవిడ చెయ్యగలిగిందంటే ఇక చెయ్యలేనివాళ్ళు లోకంలో ఉండరు!" అన్నాడు హాల్లోకి వెళ్ళి, ఎంతో సంతోషంగా. దాన్ని పొగడ్త అనే అనుకున్నాడు. ఆ వారంలోనే తెల్ల పెన్‌డ్రైవులతోపాటు ఆమె వీడియో అన్ని దుకాణాలకూ వెళ్ళింది. మొదట ఆమె పెన్‌డ్రైవు పట్టుకుని కన్నాలు తడుముకోవడం, తర్వాత 'మందుల షాపు ఎదురుగా' అని కొట్టడం, చివర్లో చప్పట్లు. ఏ దుకాణంవాళ్ళకూ ఎవరి సాయమూ అవసరం రాలేదు.

ముగ్గురినీ మానిపించారు.

వెళ్ళిపోయే రోజు బక్కాయన కిందికి దిగి వచ్చాడు. తన కళ్ళజోడు తీసి ఆమె బల్ల మీద పెట్టాడు.

"మర వదులైందమ్మా. మళ్ళీ ఇటు రావడం ఉండదు కదా."

ఆమె మర బిగించింది. కాడలు వేడి చేసి, వంపు సరిచేసి, ముక్కు మీద ఆనే మెత్తలు కొత్తవి వేసింది. అడగని పనులన్నీ చేసింది. ఆయన పెట్టుకుని అటూ ఇటూ తల తిప్పి చూసుకున్నాడు.

"ఆ మీట నొక్కేటప్పుడు నేను ఒక్కసారైనా గుర్తొచ్చానా?"

కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగాడు.

"లేదండీ," అంది ఆమె.

"అవును. మీ గొడవ మీది," అన్నాడాయన. సంచి లేకపోయినా ఆ భుజం వాలే ఉంది. మెట్లు ఎక్కుతున్న చప్పుడు వినపడినంతసేపూ ఆమె సానచక్రం తిప్పలేదు. ఆ రోజు అరగదీసిన మొదటి అద్దం చేతిలోనే పెచ్చు లేచింది. ఎన్నో ఏళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

మర్నాడు మేనేజరు ఆమెను పిలిపించాడు.

"మీ తమ్ముడు నన్ను కలిశాడండీ. చాలా ఇబ్బందిగా ఉందట. మీ గదిలో ఇంకో మనిషి కావాలని మీరెప్పటినుంచో అడుగుతున్నారు కదా. అతన్ని వేద్దామా? ఆ పని సంగతి నాకు తెలియదు. మీరు పనికొస్తాడంటే రేపే వచ్చేస్తాడు. కాదంటే బయటినుంచి తీసుకుంటాం. మీ మాటే."

మీ మాటే. ఆ గదిలో ఆమెను ఎవరూ ఎప్పుడూ అలా అడగలేదు. ఆమె కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. తమ్ముడి వేళ్ళు కళ్ళముందు మెదిలాయి. పొడుగ్గా, స్థిరంగా ఉంటాయి. ఎంత చిన్న మరనైనా కింద పడెయ్యకుండా పట్టుకోగలవు.

"వాడివల్ల కాదండీ," అంది. "బయటివాళ్ళనే చూసుకోండి."

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి తమ్ముడు వాకిట్లోనే ఉన్నాడు. ఆమె లోపలికి వచ్చి, కాళ్ళు కడుక్కుని కూర్చునేదాకా వెనకాలే తిరిగాడు. ఇన్ని రోజులూ ఆమెతో మాట లేదు. మరదలు కంచం ఠపీమని పెట్టి పోయేది. ఇవాళ మాత్రం మెల్లగా పెట్టి, వంటింటి గుమ్మంలో నిలబడింది.

"మేనేజరు నిన్నేమైనా అడిగాడా అక్కా?"

"అడిగాడు."

"ఏమన్నావు?"

"నీవల్ల కాదన్నాను."

మరదలు గోడకు ఆనుకుంది. తమ్ముడు అరుస్తాడని అద్దాలక్క అనుకుంది. కంచం విసిరేస్తాడేమో అని చెయ్యి అడ్డం కూడా పెట్టుకుంది. అతను అరవలేదు. తన రెండు చేతులూ ముందుకు చాచి, ఎవరివో చేతులు చూస్తున్నట్టు చూసుకున్నాడు. తర్వాత ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపులో వెటకారం లేదు. పెద్దవాళ్ళను అడిగినట్టు అడిగాడు.

"నిజంగా నాకు చేతకాదంటావా అక్కా?"

ఆమె ముద్ద కలుపుతూ అతని వేళ్ళకేసి చూసింది.

"ఎందుకు చేతకాదురా? ఆరు నెలలు నా పక్కన కూర్చుంటే నాకంటే బాగా చేస్తావు," అంది.

తర్వాత తల వంచుకుని భోజనం చేసింది. చివరి మెతుకుదాకా తిని, లేచి, తన కంచం ఒక్కటీ కడిగి బోర్లించింది.